నమ్మకమూ నిదర్శనమూ

1839 జనవరి 29న ఇంగ్లండులో ఛార్లెస్ డార్విన్‌కు, ఎమ్మా వెడ్జ్‌వుడ్‌కు పెండ్లి జరిగింది. ఎమ్మా డార్విన్‌కు స్వయానా మేనమామ కూతురు. తెలుగువారి మాటలో చెప్పాలంటే అది మేనరికం. చిన్ననాటి నుండి ఒకరినొకరు ఎరిగినవారే అయినా, పెండ్లికి ముందు డార్విన్ ఒక సంగతి దాచలేకపోయాడు. క్రైస్తవ మతవిశ్వాసాలలో కొన్నింటి మీద తనకు సందేహాలు కలుగుతున్నాయని ఆమెతో చెప్పాడు. అటువంటివి భార్యకు చెప్పవద్దని తండ్రి సలహా ఇచ్చినా ఆయన వినలేదు.

ఎమ్మా భక్తురాలు. ఆమెకు ప్రాణసమానమైన అక్క ఫానీ 1832లో చనిపోయింది. మరణానంతరం అక్కను మళ్ళీ చూస్తానన్న ఆశతోనే ఎమ్మా ఆ దుఃఖాన్ని ఓర్చుకుంది. పెండ్లి అయిన కొద్ది రోజులకు ఆమె భర్తకు ఒక ఉత్తరం రాసింది. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరం ఎందుకని అనిపించవచ్చు. నోటితో చెప్పలేని మాటలు కొన్ని ఉంటాయి. నిదర్శనం దొరికేదాకా దేనినీ నమ్మకపోవడం శాస్త్రజ్ఞుల అలవాటు కదా, ఆ విధంగా రుజువు చేయడానికి వీలులేని విషయాలలో కూడా ఆ అలవాటే భర్త మనస్సును నడిపిస్తుందేమోనన్నది ఆమె భయం. అలా జరిగితే ఈ లోకం తరువాత తామిద్దరూ విడిపోవలసి వస్తుందన్నది ఆమె అసలు దిగులు.

డార్విన్ ఆ ఉత్తరాన్ని జీవితాంతం దాచుకున్నాడు. తాను చనిపోయిన తరువాత ఆమె చూస్తుందని, దానిని ఎన్నోసార్లు ముద్దు పెట్టుకున్నానని, ఏడ్చానని ఆ కాగితం మీదనే రాసి పెట్టాడు.

జీవపరిణామ సిద్ధాంతం గురించి చెప్పేటప్పుడు మతానికీ శాస్త్రానికీ పెద్ద పోరాటం జరిగినట్లు చెప్పడం వాడుక. పోరాటం జరిగిన మాట నిజమే. కాని అది అన్నిటికన్న ముందు ఒక ఇంటిలో, ఒకరినొకరు ఎంతో ప్రేమించుకున్న ఇద్దరి మధ్య మొదలయింది. ఎమ్మా అడిగిన ప్రశ్న చిన్నది కాదు. ఒక మాటను నిదర్శనం చూసి ఒప్పుకోవడం, నమ్మకంతో ఒప్పుకోవడం అనే రెండింటికీ తేడా ఏమిటి? ఒకదానిని పాటించేవారు రెండవదానిని విడిచిపెట్టవలసిందేనా?

డార్విన్ చెప్పినది మొదట తెలుసుకోవాలి. వ్యవసాయం చేసే ఇంటిలో పుట్టినవారికి ఇది అర్థం కావడం కష్టం కాదు. పంట నూర్చే ముందు రైతు బాగా పండిన కంకులను ఏరి విత్తనాలకు దాచిపెడతాడు. ప్రతి ఏడూ ఇలా చేస్తే కొన్నాళ్ళకు ఆ పంట గుణమే మారుతుంది. డార్విన్ పావురాలను పెంచి, వాటిని పెంచేవారితో స్నేహం చేసి ఈ సంగతి బాగా గమనించాడు. ఒక జాతిలోని ప్రాణులు అన్నీ ఒకే తీరుగా ఉండవు. పుట్టినవన్నీ బతకవు. ఉన్న తిండికి, నీటికి, నీడకు మించి ప్రాణులు పుడతాయి. అప్పుడు తమ పరిసరాలకు ఏ కొంచెమైనా ఎక్కువగా ఇమిడిన ప్రాణులే బతికి పిల్లలను కంటాయి. రైతు చేసే ఏరివేతను ఇక్కడ ప్రకృతే చేస్తుంది. దీనికి ఆయన ప్రకృతి వరణం అని పేరు పెట్టాడు. లక్షల ఏండ్లు ఇలా జరిగితే ఒక జీవజాతి నుండి మరొక జీవజాతి ఏర్పడుతుందని, జీవులన్నీ ఈ విధంగా ఒకదానికొకటి చుట్టాలేనని ఆయన సిద్ధాంతం.

1844లో ఆయన దీనిని ఒక వ్యాసంగా రాసి, తాను చనిపోతే అచ్చు వేయించమని ఎమ్మాకే అప్పగించాడు. తన నమ్మకాన్ని కదిలించే రాతను కాపాడే బాధ్యత ఆమె మీదనే పెట్టడం విచిత్రమే. ఆమె దానిని శ్రద్ధగా చదివింది. కన్ను వంటి అద్భుతమైన అవయవం కూడా కొంచెం కొంచెంగా మారుతూ ఏర్పడి ఉండవచ్చునన్న చోట, అది చాలా పెద్ద ఊహ అని అంచున రాసింది.

ఎమ్మా వేసిన ఆ గుర్తు వృథా కాలేదు. 1859 నవంబరు 24న ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’ గ్రంథం వెలువడింది. దానిలోని ఆరవ అధ్యాయం పేరు చూస్తేనే ఆశ్చర్యం కలుగుతుంది. అది పూర్తిగా తన సిద్ధాంతానికి ఎదురయ్యే చిక్కులను గురించినది. విరోధులు వేయబోయే ప్రశ్నలను ఆయనే ముందుగా వేసుకున్నాడు. కంటి సంగతి అక్కడ విడిగా చర్చించాడు. వెలుతురును మాత్రమే పసిగట్టే చిన్న జీవుల నుండి మొదలుపెట్టి మెట్టు మెట్టుగా చూపాడు. అంతటితో ఊరుకోలేదు. చిన్న చిన్న మార్పులు ఒకదాని వెంట ఒకటి చేరడం వల్ల ఏర్పడడం అసాధ్యమైన అవయవం ఒక్కటి చూపినా తన సిద్ధాంతం కూలిపోతుందని స్పష్టంగా రాశాడు.

నిదర్శనం మీద నిలిచే మాటకు గుర్తు ఇదే. తనను ఎలా పడగొట్టవచ్చునో అది ముందుగానే చెబుతుంది. ఎమ్మాకు అక్కను కలుసుకుంటానన్న ఆశ ఇటువంటిది కాదు. ఏ శిలాజం దొరికినా, ఏ లెక్క తేలినా ఆ ఆశ తప్పని చూపడం కుదరదు, సరియైనదని చూపడమూ కుదరదు. అందువల్ల ఆ ఆశకు విలువ లేదని కాదు. దాని విలువ వేరొక చోట ఉంది.

అయితే డార్విన్ మాట వెంటనే నిలిచిందనుకుంటే పొరపాటు. ఆయన గ్రంథంలో ఒక ఎలుగుబంటి కథ ఉంది. ఉత్తర అమెరికాలో ఒక నల్ల ఎలుగుబంటి గంటల తరబడి నోరు తెరుచుకొని ఈదుతూ నీటిమీది పురుగులను తింటూ ఉండడం చూసినవారున్నారు. అటువంటి జంతువు నుండి కాలక్రమంలో తిమింగలం వంటి జలచరం ఏర్పడడంలో వింత లేదని డార్విన్ రాశాడు. దానికి జనం పగలబడి నవ్వారు. రెండవ కూర్పులోనే ఆయన ఆ మాటను కుదించుకున్నాడు.

ఆ నవ్వుకు బదులు భారతదేశపు రాళ్ళలో దొరికింది. ఎ.రంగారావు అనే భారతీయ భూగర్భశాస్త్రజ్ఞుడు జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర శిలాజాలున్న రాళ్ళను సేకరించాడు. 1971లో వాటిలోని ఒక జంతువుకు ఇండోహ్యూస్ అని పేరు పెట్టాడు. చాలా రాళ్ళు పగలగొట్టకుండానే మిగిలిపోయాయి. ఆయన చనిపోయిన తరువాత భార్య వాటిని భద్రపరచి, తిమింగలాల పుట్టుకను పరిశోధించే హాన్స్ థెవిస్సెన్‌కు అప్పగించింది. శుభ్రం చేసేటప్పుడు ఒక పుర్రె పొరపాటున విరిగింది. విరిగిన చోట చెవి ఎముక లోపలి గోడ మందంగా కనిపించింది. అటువంటి చెవి అంతవరకు తిమింగలాలకు, వాటి బంధువులకు తప్ప మరే జంతువుకూ ఉన్నట్లు తెలియదు. ఇండోహ్యూస్ గిట్టలు గల జంతువు, పిల్లికన్న కొంచెం పెద్దది, సుమారు 4 కోట్ల 80 లక్షల సంవత్సరాల నాటిది. దాని కాళ్ళ ఎముకలు నీటిలో నడిచే నీటిగుర్రం ఎముకల వలె బరువైనవి. ఈ వివరాలు 2007లో వెలువడ్డాయి. నేలమీది జంతువు నీటిలోకి వెళ్ళిందన్న డార్విన్ ఊహ నిలబడింది. ఎలుగుబంటి మాత్రం నిలబడలేదు. ఇప్పుడు బతికి ఉన్న జంతువులలో తిమింగలానికి దగ్గరి చుట్టం నీటిగుర్రం. ఒక పుస్తకంలో కొంత నిలిచి కొంత పడిపోవడం శాస్త్రంలో సహజమే. మతగ్రంథాన్ని ఇలా ముక్కలు ముక్కలుగా ఉంచుకోవడం, తీసివేయడం భక్తులకు సాధ్యం కాదు.

డార్విన్‌ను అన్నిటికన్న ఎక్కువగా బాధపెట్టిన ఆక్షేపణలు చర్చి నుండి రాలేదు. ఒకటి భౌతిక శాస్త్రం నుండి వచ్చింది. తరువాత లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధుడైన విలియం థామ్సన్ 1862లో భూమి వయస్సును లెక్కకట్టాడు. ఎర్రగా కాగిన ఇనుప గుండు చల్లారడానికి ఎంతకాలం పడుతుందో లెక్కించినట్లే, భూమి ఈ స్థితికి చల్లారడానికి సుమారు 10 కోట్ల సంవత్సరాలు పట్టి ఉంటుందని తేల్చాడు. తరువాత దానిని ఇంకా తగ్గించాడు. ప్రకృతి వరణం వంటి నెమ్మదైన పనికి ఆ కాలం చాలదు. డార్విన్‌కు జవాబు తెలియదు. తెలియదని ఆయన దాచనూ లేదు. కెల్విన్ లెక్కలో కూడిక తప్పు లేదు. భూమి లోపల వేడి ప్రయాణించే తీరును ఊహించడంలో తప్పు ఉంది. ఆ తప్పును 1895లో ఎత్తిచూపిన జాన్ పెర్రీ ఒకప్పుడు కెల్విన్ దగ్గర సహాయకుడుగా పనిచేసినవాడే. కొన్ని రాళ్ళలోని మూలకాలు ఒక నియమం ప్రకారం క్షీణిస్తాయని తెలిసిన తరువాత రాళ్ళ వయస్సు కొలిచే గడియారం దొరికింది. 1956లో క్లెయిర్ పాటర్‌సన్ ఉల్కలలోని సీసాన్ని పరిశీలించి భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరాలని చూపాడు. డార్విన్ అప్పటికి చనిపోయి 74 ఏండ్లు.

రెండవ ఆక్షేపణ ఒక ఇంజనీరు వేశాడు. పేరు ఫ్లీమింగ్ జెన్కిన్. తల్లిదండ్రుల గుణాలు బిడ్డలో కలగలిసిపోతాయని ఆ రోజులలో అందరూ అనుకునేవారు. అలా అయితే కుండెడు సున్నంలో ఒక చుక్క నీలిమందు వేసినట్లు, కొత్తగా పుట్టిన మంచి గుణం రెండు మూడు తరాలలో కనబడకుండా పోతుంది కదా, ప్రకృతి దేనిని ఏరుకుంటుంది అని జెన్కిన్ 1867లో ప్రశ్నించాడు. దీనికి జవాబు ఒక సంవత్సరం ముందే అచ్చయింది. దానిని రాసినవాడు క్రైస్తవ సన్న్యాసి గ్రెగర్ మెండెల్. మఠం తోటలో బఠాణీ మొక్కలను పెంచి, గుణాలు కలిసిపోవని, విడివిడిగా నిలిచి తరువాతి తరాలకు అందుతాయని ఆయన కనిపెట్టాడు. 1900 వరకు దానిని పట్టించుకున్నవారు చాలా అరుదు. డార్విన్ సిద్ధాంతాన్ని నిలబెట్టిన ముఖ్యమైన స్తంభం ఒక మఠంలో తయారయిందన్న సంగతి, శాస్త్రాన్నీ మతాన్నీ రెండు సేనలుగా నిలబెట్టేవారు తరచు మరచిపోతారు.

మెండెల్ చెప్పిన అనువంశికతను, డార్విన్ చెప్పిన ప్రకృతి వరణాన్ని గణితంతో ముడివేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులలో జె.బి.ఎస్.హాల్డేన్ ఒకడు. మిగిలినవారు ఫిషర్, సీవాల్ రైట్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు విడిచి భారతదేశానికి వచ్చి, ఈ దేశపు పౌరుడై, చివరకు ఒడిశాలోని భువనేశ్వర్‌లో స్థిరపడ్డాడు. 1964 డిసెంబరు 1న అక్కడే కన్నుమూశాడు. ఆయన కోరిక మేరకు దేహాన్ని వైద్య విద్యార్థుల పరిశీలన కోసం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు పంపారు. కాకినాడ యానానికి దగ్గరలోనే ఉంది.

హాల్డేన్ శిష్యులలో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఒకడు. కొందరు పెద్దవారికి చెవుల అంచున పొడవాటి వెంట్రుకలు ఉంటాయి. తాతగారి చెవులలో వాటిని చూడని పిల్లలు తక్కువ. ఈ గుణం తండ్రి నుండి కొడుకుకు మాత్రమే వస్తుందా అన్న ప్రశ్న అంతకు ముందే ఉంది. 1960 ప్రాంతంలో కృష్ణ ఆంధ్ర దేశపు కుటుంబాల వంశవృక్షాలను పరిశీలించి అలాగే కనబడుతున్నదని రాశాడు. తండ్రి నుండి కొడుకుకు మాత్రమే అందే వై క్రోమోజోములో ఆ గుణం ఉందన్నమాట. అది పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. చాలామంది విద్యార్థులు దానిని చదివి పరీక్షలలో రాశారు. 2004లో కొందరు శాస్త్రజ్ఞులు చెవుల మీద వెంట్రుకలున్న భారతీయుల వై క్రోమోజోములను లేనివారి వాటితో పోల్చి చూశారు. ఆ గుణానికీ వై క్రోమోజోముకూ సంబంధం కనబడలేదు. పాఠ్యపుస్తకంలో ఉన్నంత మాత్రాన ఒక మాట నిజం కాదనడానికి ఇంతకన్న చేరువ ఉదాహరణ దొరకదు. ఈ పుస్తకానికి కూడా అది వర్తిస్తుంది. పరిణామ సిద్ధాంతాన్ని పుస్తకంలో ఉన్నదని, గురువుగారు చెప్పారని మాత్రమే ఒప్పుకుంటే అది కూడా ఒక రకమైన నమ్మకమే అవుతుంది. ఆధారం ఏమిటని అడిగి ఒప్పుకున్నప్పుడే అది శాస్త్రం.

ఇక మతం వైపు సంగతి. 1860 జూన్ 30న ఆక్స్‌ఫర్డులో జరిగిన సభను గురించి ఎన్నో కథలున్నాయి. బిషప్పు విల్బర్‌ఫోర్సు డార్విన్‌ను ఖండించాడు. థామస్ హక్స్‌లీ ఎదురు చెప్పాడు. కోతి నీ తాత వైపు చుట్టమా, అవ్వ వైపు చుట్టమా అన్న ఎత్తిపొడుపు, దానికి హక్స్‌లీ ఇచ్చిన ఘాటైన జవాబు ఆ కథలలో ఉన్నాయి. వారు అన్న మాటలను అక్కడికక్కడే ఉన్నదున్నట్లు రాసుకున్నవారు లేరు. కథ తరువాత పెరిగింది. విల్బర్‌ఫోర్సు రాసిన సమీక్షలో మంచి ప్రశ్నలు కూడా ఉన్నాయని డార్విన్ స్వయంగా ఒప్పుకున్నాడు. ఆ సభలోనే డార్విన్‌ను ఓడలో ప్రపంచం చుట్టి తిప్పిన కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ లేచి, బైబిలును పైకెత్తి, దీనిని నమ్మండని ప్రాధేయపడ్డాడు. అయిదేండ్లు ఒకే బల్ల మీద భోంచేసిన ఇద్దరు మిత్రులు అలా దూరమయ్యారు. హక్స్‌లీ చమత్కారంకన్న ఇది ఎక్కువ గుర్తుంచుకోదగినది.

అందరూ అలా చేయలేదు. అమెరికాలో డార్విన్ పక్షాన గట్టిగా వాదించిన వృక్షశాస్త్రజ్ఞుడు ఆసా గ్రే నిష్ఠగల క్రైస్తవుడు. చార్లెస్ కింగ్‌స్లీ అనే మతాచార్యుడు ఆ సిద్ధాంతాన్ని ఆదరించాడు. డార్విన్‌తో పాటు ప్రకృతి వరణాన్ని స్వతంత్రంగా కనిపెట్టిన వాలెస్ మాత్రం, మనిషి మనస్సు ఒక్క ప్రకృతి వరణం వల్ల ఏర్పడిందంటే ఒప్పుకోలేకపోయాడు. డార్విన్ 1879లో ఒక ఉత్తరంలో, దేవుని గట్టిగా నమ్మేవారు పరిణామవాదులు కావడంలో అభ్యంతరం లేదని చెబుతూ గ్రేను, కింగ్‌స్లీని ఉదాహరణగా చూపాడు. తన సంగతి మాత్రం ఉన్నదో లేదో తెలియదనే స్థితి అని చెప్పుకున్నాడు.

చిక్కు వచ్చేది ఒక పద్ధతి మరొకదాని పని చేయబోయినప్పుడు. 1925లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, మనిషి తక్కువ జంతువుల నుండి వచ్చాడని ప్రభుత్వ పాఠశాలలో బోధించకూడదని శాసనం చేశారు. జాన్ స్కోప్స్ అనే యువ ఉపాధ్యాయుడు దానిని మీరినందుకు న్యాయస్థానం 100 డాలర్ల జుల్మానా వేసింది. పై న్యాయస్థానం తీర్పును కొట్టివేసినా శాసనం 1967 వరకు ఉండనే ఉంది. అన్నాళ్ళూ రాళ్ళలోని ఎముకలు శాసనసభ నిర్ణయం కోసం ఎదురుచూడలేదు.

భారతదేశంలో ఈ చిక్కు వేరొక రూపంలో కనిపిస్తుంది. విష్ణువు దశావతారాలలో మొదట చేప, తరువాత తాబేలు, తరువాత వరాహం, ఆపైన సగం సింహం సగం మనిషి, ఆ తరువాత మనుష్యులు. ఇది పరిణామ క్రమం వలెనే ఉందని 1882లో కేశవచంద్రసేన్ ఒక ఉపన్యాసంలో అన్నాడు. హాల్డేన్ కూడా ఈ పోలికను గమనించాడు. పోలిక అందమైనదే. కాని పోలిక నిదర్శనం కాదు. పురాణంలో చేప తాబేలుగా మారలేదు. భగవంతుడే లోకరక్షణ కోసం ఒక్కొక్క రూపం ధరించాడు. ఆ కథ చెప్పదలచినది ఆ రక్షణను గురించి. దానిని జీవశాస్త్రంగా మార్చితే పురాణానికి ఉన్న అర్థం తగ్గుతుంది, శాస్త్రానికి కొత్త ఆధారమూ చేరదు. రేపు ఏదో శిలాజం ఆ వరుసకు ఎదురు చెబితే పురాణాన్ని దిద్దుకోవడానికి ఏ భక్తుడూ ఒప్పుకోడు, ఒప్పుకోనక్కరా లేదు.

డార్విన్ 1882 ఏప్రిల్ 19న చనిపోయాడు. ఆయనను లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీ అనే చర్చిలోనే సమాధి చేశారు. ఎమ్మా మరి 14 ఏండ్లు బతికింది. భర్త రాసుకున్న ఆత్మకథను కుమారుడు ఫ్రాన్సిస్ 1887లో అచ్చు వేయించేటప్పుడు, మతాన్ని గురించిన కొన్ని వాక్యాలను తీసివేయమని ఆమె కోరింది. కుమారుడు అలాగే చేశాడు. ఆ వాక్యాలు 71 ఏండ్లు వెలుగు చూడలేదు. 1958లో మనుమరాలు నోరా బార్లో వాటిని తిరిగి చేర్చి ఆత్మకథను పూర్తిగా ప్రకటించింది. పెండ్లయిన కొత్తలో ఎమ్మా రాసిన ఉత్తరాన్ని, దాని మీద డార్విన్ రాసుకున్న మాటలతో సహా, ఆ గ్రంథం చివర అచ్చు వేయించింది.